హీరోయిన్‌కి పవర్ వస్తే కథలో అందరూ ఎందుకు భయపడతారు? మా పాప అడిగింది, నాకు జవాబు తట్టలేదు

వెన్నెలమ్మ

అందరికీ నమస్తే. చాలా కాలంగా ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు, ఈసారి రాయకుండా ఉండలేకపోతున్నా. మా పాపకి 11 ఏళ్ళు. సెలవుల్లో ఇద్దరం కూర్చుని లేడీ సూపర్ హీరోల సినిమాలు, సిరీస్‌లు వరసగా చూద్దామని అనుకున్నాం. మొన్న కెప్టెన్ మార్వెల్ పెట్టాం. మొదట్లోనే ఆ ట్రైనింగ్ సీన్ ఉంటుంది కదా, ఆమె ట్రైనర్ యాన్-రాగ్ ఆమెతో ఫైట్ ప్రాక్టీస్ చేస్తూ ఎమోషన్స్ కంట్రోల్ చేసుకో, కోపం తగ్గించుకో అంటూనే ఉంటాడు, నీకు ఇచ్చింది వెనక్కి తీసుకోగలం అని కూడా అంటాడు. మా పాప అప్పటిదాకా కబుర్లు చెప్తూ చూస్తోంది, అక్కడ ఆగిపోయింది. ఆమె మెడ మీద ఒక చిన్న మెషిన్ అతికించి ఉంటుంది చూడండి, పవర్‌ని తొక్కిపెట్టేది, దాన్ని చూసి తన మెడ మీద వేలు పెట్టుకుని "అమ్మా, ఇది ఎల్సా గ్లోవ్స్ లాంటిదే కదా" అంది.

నేను ఒక్క క్షణం అలా ఉండిపోయాను. ఫ్రోజెన్ దానికి మూడేళ్ళప్పటి నుంచి కంఠతా వచ్చు. ఎల్సాకి వాళ్ళ నాన్న గ్లోవ్స్ తొడిగి దాచుకో, ఏదీ ఫీల్ అవ్వకు అని చెప్తాడు, పాపం ప్రేమతోనే చెప్తాడు. ఆ తర్వాత వాండావిజన్ అనే సిరీస్ కొంచెం చూసింది, అక్కడ వాండాకీ అదే గోల, ఈ అమ్మాయి పవర్ చెయ్యి దాటిపోతోంది అని. రాత్రి పడుకునే ముందు అడిగింది, "ఐరన్ మ్యాన్ సూట్ చేసుకుంటే అందరూ చప్పట్లు కొడతారు, వీళ్ళకి పవర్ వస్తే మాత్రం అందరూ ఎందుకు భయపడతారు?"

నేను ఏదో సర్ది చెప్పి పడుకోబెట్టాను గానీ నాకే నిద్ర పట్టలేదు. ఇది నిజంగా ఆడవాళ్ళ కథల్లోనే ఉందా లేక నేనూ పాపా అలా చూస్తున్నామా? అలా లేని కథలేమైనా ఉంటే చెప్పండి, దాంతో కలిసి చూస్తాను. స్పాయిలర్స్ పర్లేదు.

---

కామిక్స్ పురుగు

అక్కా మీ పాప భలే పట్టింది. మీరు అడిగినదానికి మూలం ఎక్కడుందంటే నా లెక్కలో 1980లో ఉంది, ఎక్స్-మెన్ కామిక్స్‌లో జీన్ గ్రే కథ. క్రిస్ క్లేర్‌మాంట్ రచన, జాన్ బర్న్ బొమ్మలు. జీన్‌కి ఫీనిక్స్ అనే పవర్ వస్తుంది, అది పెరిగి పెరిగి ఒక దశలో ఆకలేసి ఏకంగా ఒక నక్షత్రాన్ని మింగేస్తుంది, ఆ నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం మీద ఉన్న కోట్ల మంది ప్రాణం పోతుంది. రాసినవాళ్ళు మొదట అనుకున్న ముగింపులో జీన్ చావదు, ఆమె పవర్స్ తీసేసి మామూలు మనిషిని చేస్తారు. కానీ అప్పటి మార్వెల్ ఎడిటర్ జిమ్ షూటర్ ఒప్పుకోలేదు, అంతమందిని చంపిన మనిషి ఇంటికెళ్ళి హాయిగా ఉంటే ఎలా, శిక్ష పడాల్సిందే అన్నాడు. దాంతో చివరి పేజీలు మార్చారు, జీన్ తన ప్రాణం తనే తీసుకుంటుంది. ముందు గీసిన ముగింపుని 1984లో విడిగా అచ్చేశారు కూడా, నేను రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

ఒక్క కథగా చూస్తే అది చాలా గొప్ప కథ, నేను ఒప్పుకుంటా, చివర్లో నాకు ఏడుపొచ్చింది. తిప్పలు ఎక్కడంటే ఆ తర్వాత అదే అచ్చు పోసినట్టు దిగుతూ వచ్చింది. 2004లో కామిక్స్‌లో వాండా మతి తప్పి అవెంజర్స్‌నే కూల్చేస్తుంది, 2005లో ఒక్క మాటతో మ్యూటెంట్ల, అంటే పుట్టుకతోనే పవర్స్ ఉన్నవాళ్ళ, పవర్స్ దాదాపు అన్నీ ఊడగొడుతుంది. సినిమాల్లో జీన్ కథ 2006లో ఒకసారి తీశారు, అందులో వుల్వరిన్ చేతుల్లో చచ్చిపోతుంది. 2019లో మళ్ళీ తీశారు. రెండింటికీ రచనలో సైమన్ కిన్‌బర్గ్ ఉన్నాడు, రెండోదానికి డైరెక్షన్ కూడా ఆయనే, రెండుసార్లూ సరిగ్గా కుదరలేదు. 2022 డాక్టర్ స్ట్రేంజ్ సినిమాలో వాండా ఏమైందో తెలిసిందే, వాండావిజన్ తొమ్మిది ఎపిసోడ్లు ఆమె దుఃఖాన్ని అంత ఓపిగ్గా చూపించాక ఆమెని విలన్‌ని చేసేశారు, నాకు ఇప్పటికీ మనసు ఒప్పట్లేదు.

ఎల్సా మాటకొస్తే, మొదట్లో ఆమెని విలన్‌గానే రాసుకున్నారు. లెట్ ఇట్ గో పాట తయారయ్యాక అది విని కథ మొత్తం తిరగరాశారు. అంటే ఆమె లోపల ఏముందో ఒక్కసారి విన్నాక ఆమెని విలన్‌గా ఉంచలేకపోయారు.

---

నైట్‌షిఫ్ట్ 77

నేను కొంచెం వేరేగా అనుకుంటున్నా, కోపం తెచ్చుకోకండి. కంట్రోల్ చేసుకో అనేది సూపర్ హీరో కథ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే, మగా ఆడా తేడా లేదు. హల్క్ సంగతేంటి? ఆయన కథ మొత్తం అదే కదా, కోపం వస్తే ఊరంతా పరుగు. సైక్లాప్స్ కళ్ళజోడు తీస్తే ఎదుటివాడు మిగలడు, బతుకంతా కళ్ళు కట్టేసుకునే ఉంటాడు. మ్యాన్ ఆఫ్ స్టీల్‌లో సూపర్‌మ్యాన్‌ని పెంచిన తండ్రి నీ బలం ఎవరికీ చూపించకు అని చెప్పి చెప్పి, ఆ మాట కోసం తనే సుడిగాలికి బలైపోతాడు. 2011లో థార్‌కి పొగరెక్కిందని తండ్రి పవర్ మొత్తం పీకేసి భూమ్మీదకి తోసేస్తాడు. ఇవన్నీ మగవాళ్ళ కథలే.

పవర్ అంటేనే భయం, భయం లేకపోతే డ్రామా లేదు. ఐరన్ మ్యాన్ టోనీ స్టార్క్‌కి చప్పట్లు కొట్టారంటే ఆ సూట్ ఆయన చేసుకున్నది, కావాలంటే విప్పి పక్కన పెట్టొచ్చు, ఒంట్లో పుట్టిన పవర్‌తో పోల్చలేం. పాపకి అలా చెప్తే అర్థం చేసుకుంటుంది. ఆడవాళ్ళ కథలన్నీ ఒకే గాటన కట్టేస్తే మంచి కథలకి కూడా అన్యాయం జరుగుతుందని నా బాధ, అంతే.

---

వెన్నెలమ్మ

నైట్‌షిఫ్ట్ గారూ కోపం ఎందుకండీ, మీరు చెప్పింది నిజమే, హల్క్, థార్ నాకు గుర్తే రాలేదు. కానీ మీ పోస్ట్ చదివాక ఒకటి తట్టింది. థార్ పవర్ తీసేస్తూ తండ్రి ఏమంటాడు, అర్హత ఉన్నవాడు ఈ సుత్తి ఎత్తితే ఆ శక్తి వాడిది అంటాడు, అంటే పెద్దవాడివై తిరిగి తీసుకో అని. సినిమా చివరికి తిరిగి వస్తుంది కూడా. కెప్టెన్ మార్వెల్‌కి అలా కాదు కదా. అసలు ఈ పవర్ నీది కాదు, మేం ఇచ్చాం అని యాన్-రాగ్ వాళ్ళు చెప్తారు, అది పచ్చి అబద్ధం, ఆమెకి ఆ పవర్ 1989లో ఇంజిన్ పేలినప్పుడు వచ్చింది, వాళ్ళు పెట్టింది మెడ మీద ఆ మెషిన్ ఒక్కటే. కళ్ళెం ఉండటం వేరు, కళ్ళెం ఎవరి చేతిలో ఉందన్నది వేరు. హల్క్ కళ్ళెం ఆయన చేతిలోనే ఉంటుంది, జారిపోతుంటుంది, అదే ఆయన కథ. మా పాప అడిగింది ఈ రెండోదాని గురించే అనిపిస్తోంది ఇప్పుడు ఆలోచిస్తుంటే.

---

పాత రీలు

అమ్మా, మీరు కళ్ళెం అన్నారు కాబట్టి చెప్తున్నా, ఈ మాట మొట్టమొదటి పెద్ద లేడీ సూపర్ హీరోతోనే మొదలైంది. వండర్ ఉమన్‌ని 1941లో పుట్టించింది విలియం మౌల్టన్ మార్‌స్టన్, సైకాలజిస్ట్, రక్తపోటు చూసి అబద్ధం పట్టుకునే పరీక్ష మీద పనిచేసిన మనిషి, ఆమె చేతిలో నిజం చెప్పించే తాడు ఉందంటే అందుకే అని చాలామంది అంటారు. తొలి ఏళ్ళ కామిక్స్‌లో ఒక రూల్ ఉండేది. ఆమె చేతులకి రెండు కంకణాలు ఉంటాయి కదా, ఒక మగవాడు ఆ రెండింటినీ గొలుసుతో కలిపి కట్టేస్తే ఆమె బలమంతా పోతుంది. తుపాకీ గుండ్లని ఆపే ఆ కంకణాలే ఆమెకి సంకెళ్ళు కూడా అన్నమాట. మార్‌స్టన్ ఆడవాళ్ళే లోకాన్ని నడపాలని మనస్ఫూర్తిగా నమ్మినవాడు, అయినా ఆ రూల్ పెట్టాడు, నేను దాని గురించి ఎన్నిసార్లు ఆలోచించినా తెగదు. ఆ రోజుల్లోనే ఆమెని హీరోల సంఘంలో చేర్చుకున్నారు, ఏ పని ఇచ్చారనుకుంటున్నారు? సెక్రటరీ. మిగతావాళ్ళు యుద్ధానికి వెళ్తే ఈమె మినిట్స్ రాయాలి.

1968లో ఇంకా ముందుకెళ్ళి ఆమె పవర్స్ మొత్తం తీసేశారు, డ్రెస్ మార్చేశారు, బట్టల షాపు పెట్టించారు. 1972లో మిజ్ (Ms.) అనే స్త్రీవాద పత్రిక కవర్ మీద దాన్ని నడిపిన గ్లోరియా స్టైనమ్ వాళ్ళు పాత వండర్ ఉమన్‌ని నిలువెత్తు వేశారు, 1973కల్లా కామిక్స్‌లో ఆమె పవర్స్ తిరిగొచ్చాయి.

ఆ తర్వాత టీవీ. 1975లో పైలట్ వచ్చింది, లిండా కార్టర్ చేసింది, 1979 దాకా నడిచింది. నాకు అందులో అన్నిటికంటే నచ్చేది ఆమె మారే పద్ధతి. మామూలు ఆఫీసు డ్రెస్‌లో, జుట్టు ముడేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని ఎవరూ లేనిచోటికి వెళ్తుంది, చేతులు చాపి గిర్రున తిరుగుతుంది, ఒక మెరుపు, అంతే. గింగిరాలు తిరగాలన్న ఐడియా లిండా కార్టర్‌దే. ఎవరి పర్మిషన్ లేదు, ఏ మెషినూ లేదు, తిరిగితే వస్తుంది. చిన్నపిల్లలెవరైనా చెయ్యగలిగింది అది, అందుకే ప్రపంచమంతా ఆడపిల్లలు ఇళ్ళల్లో గిర్రున తిరిగి పడ్డారు. ఇప్పటి సీజీ సినిమాలు ఎన్ని చూసినా నాకు ఆ తిరగడమే గుర్తుంటుంది. గ్రాఫిక్స్ పాతవి, కథలు సాదా సీదావి, కానీ పాపకి ఒక్క ఎపిసోడ్ చూపించండి.

---

స్లేయర్ స్వాతి

ఈ థ్రెడ్‌లో బఫీ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేంటి!! వాంపైర్లని వేటాడే స్లేయర్ అమ్మాయి బఫీ టీవీ షో. 1997 నుంచి 2003, ఏడు సీజన్లు, 144 ఎపిసోడ్లు, వెన్నెలమ్మ అక్కా మీరు అడిగిన ప్రశ్న మీదే మొత్తం షో నడుస్తుంది నన్నడిగితే. మూడో సీజన్లో హెల్ప్‌లెస్ అని ఒక ఎపిసోడ్ ఉంది. బఫీకి 18వ పుట్టినరోజు వస్తోంది. ఆమెని నడిపించే వాచర్స్ కౌన్సిల్ అని ఒక పెద్దల సంఘం ఉంటుంది, వాళ్ళ ఆచారం ఏంటంటే స్లేయర్‌కి 18 రాగానే చెప్పకుండా మందు ఎక్కించి బలం తీసేసి ఒక వాంపైర్‌తో పాటు బంధించి బతుకుతుందో లేదో చూస్తారు. ఆ సూది గుచ్చేది ఎవరో కాదు, ఆమె తండ్రిలా నమ్మిన జైల్స్. ఆమెని ఒక స్ఫటికం వైపు చూస్తూ ఉండమని చెప్పి, ఆమె కళ్ళు దాని మీద నిలిచిపోగానే చెయ్యి పట్టుకుని గుచ్చుతాడు. ఆ సీన్‌లో పెద్ద మ్యూజిక్ లేదు ఏం లేదు, మామూలు లైబ్రరీ గది, టేబుల్, సూది. నేను ఎన్నిసార్లు చూసినా ఒళ్ళు జలదరిస్తుంది. తర్వాత ఆయన తట్టుకోలేక నిజం చెప్పేస్తాడు, ఆమె ఆయన మొహం చూసే చూపు ఉంది చూడండి, అబ్బా.

ఏడో సీజన్లో ఇంకా తవ్వుతారు, మొట్టమొదటి స్లేయర్‌ని కొందరు మగవాళ్ళు గొలుసులేసి కట్టి బలవంతంగా ఆ శక్తిని ఆమెలోకి ఎక్కించారని తెలుస్తుంది. బఫీకి కూడా ఇంకొంచెం ఇస్తాం అంటే వద్దంటుంది. చివరి ఎపిసోడ్‌లో ఏం చేస్తుందంటే, తరానికి ఒక్కతే స్లేయర్ అన్న రూల్‌నే తీసిపడేస్తుంది, ఫ్రెండ్ విల్లో మంత్రంతో ఆ శక్తిని అర్హత ఉన్న ప్రతి అమ్మాయికీ పంచేస్తారు. బేస్‌బాల్ బ్యాట్ పట్టుకుని బంతి కోసం చూస్తూ నిలబడ్డ ఒక చిన్నపిల్ల మొహంలో మెల్లగా నవ్వు వస్తుంది, ఆ ఒక్క షాట్ కోసం ఏడు సీజన్లు చూడొచ్చు.

ఇదే షోలో ఆరో సీజన్లో విల్లో కూడా దుఃఖంతో లోకాన్ని ముగించబోతుంది, అంటే పురుగు గారు చెప్పిన అచ్చే, కాదనను. కానీ చంపరు. చిన్నప్పటి ఫ్రెండ్ వచ్చి ఎదురుగా నిలబడి, నువ్వు ఏం చేసినా నువ్వంటే నాకిష్టమే అని ఆపుతాడు. 11 ఏళ్ళకి ఈ షో మాత్రం ఎక్కువ, కొన్నాళ్ళు ఆగండి.

---

బాక్సాఫీస్ బుల్లోడు

కథల సంగతి మీరంతా చెప్పేశారు, నేను డబ్బు సంగతి చెప్తా, ఎందుకంటే కళ్ళెం అక్కడ కూడా ఉంది. 2004లో క్యాట్‌ఉమన్ పోయింది, 2005లో ఎలెక్ట్రా పోయింది, అంతకుముందు 1984లో సూపర్‌గర్ల్ పోయింది. 2014లో మార్వెల్ పెద్ద ఐక్ పెర్ల్‌మటర్ సోనీ బాస్‌కి ఒక మెయిల్ రాశాడు, సోనీ హ్యాక్ అయినప్పుడు బయటికొచ్చింది అది. అందులో సరిగ్గా ఈ మూడు పేర్లే రాసి లేడీ సూపర్ హీరో సినిమాల ఫలితాలు ఇవీ అన్నట్టు చూపించాడు. ముప్పై ఏళ్ళలో మూడు సినిమాలు. అవి పోయింది స్క్రిప్ట్ బాగోక. 2010లో జోనా హెక్స్, 2011లో గ్రీన్ ల్యాంటర్న్ కూడా పోయాయి, మగ హీరోలతో సినిమాలు ఆడవు అని ఎవరైనా మెయిల్ రాశారా?

బ్లాక్ విడో 2010లోనే ఐరన్ మ్యాన్ 2లో కనిపించింది, ఆమె సొంత సినిమా 2021లో వచ్చింది. పదకొండేళ్ళు, అప్పటికి కథలో ఆమె చనిపోయి రెండేళ్ళు. ఈలోపు ప్యాటీ జెంకిన్స్ 2017లో వండర్ ఉమన్ తీసి 82 కోట్ల డాలర్లు వసూలు చేసి చూపించింది, 2019లో కెప్టెన్ మార్వెల్ 113 కోట్లు దాటింది. 2023లో ది మార్వెల్స్ సుమారు 20 కోట్ల దగ్గర ఆగగానే మళ్ళీ పాత పాట మొదలు. ఆ సినిమా విడుదల ముందు నటుల సమ్మె నడుస్తోంది, ప్రమోషన్లకి నటులు రాలేకపోయారు, ఇది మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు. బ్యాట్‌గర్ల్ అయితే షూటింగ్ పూర్తయ్యాక 2022లో అటక మీద పడేశారు, లెస్లీ గ్రేస్ చేసిన పని మనం చూడలేం.

మనవైపు చూస్తే 1935లోనే హంటర్‌వాలీలో ఫియర్‌లెస్ నాడియా ముసుగు కట్టి కొరడా పట్టింది, తర్వాత మనం ఎంత వెనక్కి పోయామో. 2025లో మలయాళం నుంచి లోకా వచ్చింది, కల్యాణి ప్రియదర్శన్ హీరో, 300 కోట్ల రూపాయలు దాటిన మొదటి మలయాళ సినిమా అదే. అందులో నాకు నచ్చింది ఏంటంటే జనం భయంతో చెప్పుకున్న యక్షి కథనే తీసుకుని అదే కథని ఆమె వైపు నుంచి చెప్పారు. మీ పాప ప్రశ్నకి చాలా దగ్గరగా ఉంటుంది, రక్తం ఉంది కాబట్టి ముందు మీరు చూసి అప్పుడు చూపించండి.

---

లాయర్ రీడర్

పాపతో చూడటానికి కావాలన్నారు కదా, సూటిగా చెప్తా. జెస్సికా జోన్స్ వద్దు, అది పెద్దవాళ్ళకి, మాటతో మనుషుల్ని ఆడించే వాడి చేతిలో పడి బయటికొచ్చిన ఆడమనిషి కథ. మీరు ఒక్కరే చూడండి, తప్పకుండా చూడండి. కళ్ళెం గురించి ఇంత ధైర్యంగా తీసిన సిరీస్ నేను ఇంకోటి చూడలేదు.

షీ-హల్క్ మొదటి ఎపిసోడ్ మాత్రం మీకు చెప్పాలి. హల్క్ అయిన బ్రూస్, షీ-హల్క్‌గా మారిన లాయర్ జెన్‌కి కోపం అదుపు చేసుకోవడం నేర్పుదామని లావుపాటి ఫైల్ తయారుచేసి కూర్చుంటాడు, ఆయనకి ఏళ్ళు పట్టింది కదా. జెన్‌కి మొదటి రోజే వచ్చేస్తుంది. ఎలా అంటే, రోడ్డు మీద ఎవడో కూత కూస్తే కోపం దిగమింగుతాను, నా సబ్జెక్ట్ నాకే వివరించే మగాళ్ళ ముందు దిగమింగుతాను, ఇది నేను రోజూ చేసే పనే, నీకంటే బాగా చేస్తాను అంటుంది. నేనూ కోర్టులోనే పనిచేస్తాను, ఆ డైలాగ్ విని ల్యాప్‌టాప్ ఆపి కాసేపు కూర్చున్నాను. నైట్‌షిఫ్ట్ గారు హల్క్ అన్నారు కాబట్టి చెప్పా.

పాపకి మిస్ మార్వెల్ పెట్టండి, 2022, ఆరే ఎపిసోడ్లు. కమలా ఖాన్, పదహారేళ్ళ పిల్ల, కెప్టెన్ మార్వెల్ అంటే పిచ్చి, కాబట్టి మీరు చూసినదానికి అతుకుతుంది కూడా. 1947 విభజన ఘట్టం ఉంది, రైల్వే స్టేషన్, తప్పిపోయిన చిన్నపిల్ల, కొంచెం పక్కన కూర్చుని చెప్పాల్సి వస్తుంది. చివరి ఎపిసోడ్‌లో ఇంట్లోవాళ్ళకి నిజం చెప్పాలని తెగ కంగారుపడుతుంది, తీరా చూస్తే వాళ్ళకి ముందే తెలుసు. సూపర్ హీరో డ్రెస్ వాళ్ళమ్మే తెచ్చి చేతిలో పెడుతుంది.

---

వెన్నెలమ్మ

ఒక్కొక్కరికీ విడివిడిగా థ్యాంక్స్ చెప్పాలి, ఇంత రాస్తారనుకోలేదు. లాయర్ గారు చెప్పినట్టే మిస్ మార్వెల్ మూడు రోజుల్లో పూర్తి చేశాం. రైల్వే స్టేషన్ ఎపిసోడ్ దగ్గర పాప నా చెయ్యి వదల్లేదు. డ్రెస్ సీన్ వచ్చినప్పుడు నేను దాని మొహం వైపే చూస్తున్నా, ఏమంటుందా అని. చాలాసేపు ఏం అనలేదు. రాత్రి పళ్ళు తోముకుంటూ నోట్లో నురగతోనే వచ్చి "వాళ్ళమ్మకి కూడా భయమే కదా, అయినా డ్రెస్ ఇచ్చింది" అని చెప్పి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

రేపు పాత రీలు గారు చెప్పిన లిండా కార్టర్ ఎపిసోడ్ వెతుకుతా, తర్వాత 2017 వండర్ ఉమన్. జెస్సికా జోన్స్ నేను రాత్రిళ్ళు ఒక్కదాన్నే మొదలుపెట్టా, రెండు ఎపిసోడ్లు అయ్యాయి, మూడోది పెట్టబోతున్నా.